ట్రస్కాట్ తాత మోగించే గంట

నెవాడా ఎడారి మొత్తం మీద దెయ్యానికి భయపడని మగాడు ఒక్కడే, జోరీ పెన్‌హేల్. ఈ మాట ఎవరన్నారంటే... జోరీ పెన్‌హేలే. అదీ పట్టపగలు, సారా దుకాణంలో, చుట్టూ పదిమంది ఉండగా.

ఆ వెండి గనుల్లో ఎవరినైనా అడగండి, చీకటి పడ్డాక పాత బావి పక్కకి పోనే పోరు. బావి అంటే నీళ్ల బావి కాదు, గనిలోకి నిట్టనిలువునా తవ్విన గొయ్యి. ట్రస్కాట్ తాత దాని అడుగునే రాళ్లు మీద పడి చనిపోయాడు. ఆ తర్వాత బావి మూసేశారు. కానీ కింద నుంచి తాడు లాగితే పైన యంత్రం గదిలో మోగే గంట మాత్రం అప్పుడప్పుడు... ఏ నడిరాత్రో... మూడుసార్లు మోగుతుందట.

గంట మూడుసార్లు మోగిందంటే గనివాళ్లకి ఒకటే అర్థం — గనిలోకి దించే ఇనప బోనులో మనిషి ఎక్కాడు, మెల్లగా పైకి లాగు.

ఈ ఏడు వెండి ధర పెరిగి బావి మళ్లీ తెరిచారు. బోనుని పైకీ కిందికీ లాగే యంత్రం దగ్గర రాత్రిపూట కూర్చోడానికి మనిషి కావాలన్నాడు గని పెద్ద, కెప్టెన్ హోస్కిన్. ఒక్కడూ కదల్లేదు. జోరీ లేచాడు.

గొప్ప కోసం లేచాడనుకునేరు. రాయి తొలిచే దుమ్ముకి చలికాలం నుంచే అతనికి దగ్గు పట్టుకుంది. పెళ్లాం తామ్సిన్ వాళ్ల అన్న అదే దగ్గుతో పోయాడు. పైన కూర్చునే పని దొరికితేనే నువ్వు నాకు మిగులుతావని ఆవిడ పోరుతూనే ఉంది.

కెప్టెన్ పెట్టిన షరతు చిన్నదే. "గంట మోగితే బోను లాగాలి. ఎవడు మోగించాడని అడగకూడదు. నువ్వు పలక్కపోతే కింద మనిషి చస్తాడు. ఒక్క గంట వదిలేశావో, తెల్లారేసరికి సుత్తి పట్టుకుని మళ్లీ కిందికే."

"దెయ్యం మోగించినా లాగుతా కెప్టెన్. పైకొచ్చాక కూర్చోబెట్టి టీ కూడా పోస్తా."

అందరూ నవ్వారు. జోరీ అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఆ రాత్రి ఇంజను టుకటుకలాడుతోంది. రేకుల మీద ఇసుక గాలి గోళ్లతో గీరినట్టు... గనివాళ్లు తినే మాంసం రొట్టెలో అంచు ముక్క నేల లోపల తిరుగుతాయనే బుల్లి భూతాల కోసం విడిచిపెట్టడం వాళ్ల ఆచారం. జోరీ ఏనాడూ విడిచిపెట్టి ఎరగడు. ఆ రాత్రి మాత్రం సగం రొట్టె భక్తిగా గడప దగ్గర పెట్టి వచ్చాడు.

టంగ్...

బోను అడుగునే ఉంది. కింద మాత్రం ఒక్క మనిషీ లేడు, సాయంత్రం అందర్నీ పైకి తెచ్చి, ఖాళీ బోను మళ్లీ కిందికి దించింది తనే.

టంగ్...

"తాతా..." అన్నాడు గొంతులోనే. "కింద చల్లగా ఉంది కదా... అక్కడే ఉండరాదూ..."

టంగ్.

గదిలో ఆ తర్వాత ఏం జరిగిందో కాసేపు పక్కన పెడదాం. బయట రాళ్లగుట్ట వెనక కెప్టెన్ నక్కి ఉన్నాడు, కుర్రాడు పారిపోతాడా లేదా అని చూడ్డానికి. గంట వినగానే ఆయన కూడా కోటు మెడదాకా లాక్కున్నాడు. కెప్టెన్ కదా, చలి అనుకున్నాడు.

చక్రం కదిలింది.

ఉక్కు తాడు బిగిసింది... బరువుగా. కింద నిజంగానే ఎవరో ఎక్కారు. కాస్త లేవడం, ఆగడం, మళ్లీ కాస్త లేవడం — గుడ్ల బుట్ట మోసుకొస్తున్నంత సున్నితంగా వస్తోంది బోను. నేలమట్టానికి వచ్చి టక్కున ఆగింది.

లోపల రెండు కళ్లు మెరిశాయి. నెరిసిన పొడుగు మొహం... ఆ పైన... రెండు పొడుగు చెవులు.

కెప్టెన్ లాంతరెత్తి చూసి ఊపిరి పీల్చుకున్నాడు. డచెస్! గనిలో బండ్లు లాగి లాగి ముసలిదైపోతే ఎడారిలోకి వదిలేసిన కంచరగాడిద. కొండ పక్క సొరంగంలోంచి బావి అడుగున ఉన్న తన పాత కొట్టానికి దూరి, వెనకటి అలవాటు కొద్దీ పళ్లతో గంట తాడు లాగి బోను ఎక్కింది. పైకొస్తే పొగాకు ముక్క పెడతారని దానికి బాగా గుర్తు.

గదిలోంచి జోరీ వచ్చాడు. మొహం సున్నం కొట్టినట్టుంది గానీ, ఒక చెయ్యి నడుం మీద వేసుకుని దర్జాగా నిలబడ్డాడు. డచెస్ గడప దగ్గరి రొట్టె తినేసి, పొగాకు కోసం అతని జేబు వాసన చూసింది.

"ఇంత మెత్తగా బోను లాగినవాణ్ణి నేను చూడలేదురా అబ్బాయ్," అన్నాడు కెప్టెన్. "ఈ కుర్చీ నీదే."

తెల్లారి ఇంట్లో తామ్సిన్ అతని ప్యాంటు చేతిలోకి తీసుకుంది. భుజం మీదుగా వేసుకునే సాగే పట్టీ తెగి వేలాడుతోంది.

"ఏమయ్యా, కుర్చీలో కూర్చునే పనికి ఇదెలా తెగింది?"

జోరీ తలుపు వేశాడు. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. (సాయంత్రానికి ఊరంతా తెలిసింది, అది వేరే సంగతి.)

"మూడో గంటకి తలుపు వైపు పరిగెత్తానే. పట్టీ బోను లాగే మీటకి తగులుకుంది. నేను ముందుకి గుంజుకున్నప్పుడల్లా బోను లేచింది, అలిసిపోయినప్పుడల్లా ఆగింది. చివరికి పట్టీ తెగింది, మీట వెనక్కి పోయింది. అంతే."

"మరి నడుం మీద చెయ్యేసుకుని దర్జాగా ఇంటికొచ్చావే?"

"ప్యాంటు జారిపోకుండా."

తామ్సిన్ నవ్వాపుకోలేక కొంగు... కాదు, ఏప్రను నోట్లో కుక్కుకుంది. జోరీ గొంతు ఇంకా తగ్గించాడు.

"ఇంకోటుంది. వెనక నుంచి పట్టుకుంది ట్రస్కాట్ తాతే అనుకున్నా. వదులు తాతా, నీ కాళ్లు పట్టుకుంటా తాతా అని ఏడ్చేశాను... అంతసేపూ బతిమాలింది నా ప్యాంటు పట్టీనే."