ఎర్ర గీత

మా పిన్ని పాత కెమెరాలు బాగుచేస్తుంది. మెట్ల కింద చిన్న గది, ఒక బల్ల, మెడ వంచిన దీపం, పెట్రోలు వాసన, పాత తోలు వాసన. ఏ పనిలోనూ పట్టుమని పది రోజులు నిలవని నన్ను కూర్చోబెట్టి, లెన్స్ ఎలా ఎంచుకోవాలో చూపించింది ఆవిడే. వెనకనుంచి టార్చి వెయ్యి, అద్దంలో సాలెగూడులా కనిపిస్తే బూజు. వెలుతురు తగ్గించే లోపలి రేకులు మూసి తెరువు, బద్ధకంగా కదిలితే జిడ్డు. మర లెన్సయితే సీసా మూతలా తిప్పి కెమెరాకి బిగించు. దాని మీదున్న ఎర్ర గీత సరిగ్గా నడినెత్తికి వచ్చి ఆగాలి.

భూతద్దం కంట్లో బిగించుకుని పనిచేసీ చేసీ ఇద్దరికీ కంటి చుట్టూ గుండ్రటి నొక్కు పడిపోయింది. ఆవిడకి ఎడమ కన్ను, నాకు కుడి కన్ను.

"ఇద్దర్నీ కలిపితే ఒక మనిషి లెక్క," అని నవ్వేది పిన్ని. అమ్మ కంటే ఆవిడనే ఎక్కువ నమ్మాను.

మొన్న ఆదివారం ఒక కెమెరా, మూడు లెన్సులు బల్ల మీద పెట్టింది.

"ఎన్నాళ్ళని జనం కెమెరాల్లోంచి చూస్తావే, టార్చిలైటూ? నీకంటూ ఒకటి ఎంచుకో."

నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. టార్చి తీశాను. మొదటిదాంట్లో బూజు. రెండోదాని రేకులు అతుక్కుపోయాయి. మూడోది మాత్రం కడిగిన ముత్యంలా ఉంది.

"ఇదే."

"నువ్వే ఎంచుకున్నావు. నేను ఇవ్వలా. గుర్తుపెట్టుకో."

"అబ్బో! సంతకం పెట్టమంటావా?"

పిన్ని నవ్వలేదు.

మధ్యాహ్నం నా గదికి వచ్చి లెన్స్ బిగించాను. బయట సన్నగా వాన. ఎర్ర గీత నడినెత్తికి కాస్త ఇవతలే ఆగింది. మరలో దుమ్ముందేమో అనుకుంటూ కన్ను ఆనించాను. గోడ, తాడు మీద తడి బట్టలు, తలుపు. తలుపు పక్కన, నాకు వీపు పెట్టి, ఒక ఆడమనిషి.

కెమెరా దించాను. ఎవరూ లేరు.

తడి చున్నీ అయ్యుంటుంది. లెన్స్ విప్పి, మర తుడిచి, మళ్ళీ బిగించాను. ఈసారి ఎర్ర గీత నడినెత్తి దాటి పోయింది. మళ్ళీ చూశాను. అదే చోటు, అదే మనిషి. కానీ చెవి కనిపిస్తోంది.

గీత ఎంత జరిగిందో... ఆ మనిషీ అంతే తిరిగింది.

గదిలో పెట్రోలు వాసన మొదలైంది. కెమెరా మంచం మీద పెట్టి వెనక్కి జరిగాను. నా చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయి. అయినా...

కిర్ర్...

మర తిరుగుతోంది.

కెమెరా సంచిలో పడేసుకుని వానలోనే పరుగెత్తాను. పిన్ని గది గుమ్మంలో నా కాళ్ళు ఆగిపోయాయి. నేను వద్దన్న రెండు లెన్సులూ అద్దాల బీరువాలో ఉన్నాయి. ఒకటి తీసి చూశాను. పొద్దున అతుక్కుపోయిన రేకులు చకచకా తెరుచుకున్నాయి. రెండోదాంట్లో బూజే లేదు. దాని అద్దం బిగించే మర మీద, ఇప్పుడే విప్పి మార్చినట్టు, కొత్తగా గీరిన గుర్తులు.

"కావాలనే పాడుచేసి పెట్టావా, పిన్నీ?"

బల్ల దగ్గర కూర్చున్న పిన్ని తలెత్తింది. ఎన్నాళ్ళ తర్వాతో నిద్రపోయి లేచినట్టుంది ఆ మొహం.

"ఆ మూడోదాన్ని పారేశాను, పగలగొట్టాను. మర్నాటికల్లా బల్ల మీదే ఉండేది. ఎవరో ఒకరు కావాలని ఎంచుకుంటే తప్ప పోదే."

"ఎవరో ఒకరా? నేనా?"

"ఎంచుకోవడం తెలిసినవాళ్ళు కావాలిగా. ఊరికే నేర్పాననుకున్నావా?"

అన్నం పెట్టిన చెయ్యి అది. చెంప మీద కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు.

"అందులో ఆ మనిషి మొహం పూర్తిగా నావైపు తిరిగితే?"

"తెలీదు. తిరిగేదాకా నేను ఉంచుకోలేదుగా." తర్వాత గుసగుసగా అడిగింది. "ఎంతవరకు వచ్చింది?"

లెన్స్ విప్పి ఆవిడ ముందు పెట్టాను. పిన్ని ముట్టుకోలేదు. కుర్చీతో సహా వెనక్కి జరిగింది. నా చేతిలో కెమెరా ఒక్కటే మిగిలింది, ముందు ఖాళీ రంధ్రంతో.

లెన్స్ లేని కెమెరాలో ఏదీ ఆనదు, అంతా అలుక్కుపోయినట్టుంటుంది. అది తెలిసే, ధైర్యంగా నా కుడి కన్ను ఆనించాను. బీరువా ఒక మసక. దీపం ఒక మసక. పిన్ని ఒక మసక.

మా ఇద్దరి మధ్యా ఒక చెంప మాత్రం... రోమాలు లెక్కపెట్టేంత స్పష్టంగా.

కుడి చెంప. దాని పైన, కంటి చుట్టూ, గుండ్రటి నొక్కు.