పన్నెండు వరసలు

“మన ఏజెంట్లు పన్నెండుమంది ఇవాళ పక్క దేశం నుంచి తిరిగొస్తున్నారు. సరిగ్గా పన్నెండు గంటలకి వాళ్ల వివరాలు అక్కడి బోర్డర్ పోలీసులకి అందబోతున్నాయి,” అన్నాడు చీఫ్. “అందులో మీ అక్క ఉంది.”

ఎదురుగా ఉన్న ఏజెంట్ కుర్చీలో కూర్చోలేకపోయాడు. టైం పదకొండు.

పదకొండూ యాభైకి ఏసీ మెకానిక్ వేషంలో ఒక ట్రావెల్ ఆఫీసు మెట్లెక్కాడు. పైకి టికెట్లు, లోపల విదేశీ ముఠా. తలుపు తీసిన మేనేజరు నల్ల కళ్లద్దాల్లో కళ్లు చెదిరేలా ఉంది. ముఠా ఆమెని తమ మనిషే అనుకుంటోంది. ఆమె పనిచేసేది మాత్రం చీఫ్‌కి.

“ఏసీ చల్లగా లేదన్నారట?”

“చల్లగానే ఉంది. చప్పుడే ఎక్కువ.”

కోడ్ కలిసింది. ఆమె అతన్ని లోపలి గదిలోని కంప్యూటర్ దగ్గరికి లాక్కెళ్లింది.

స్క్రీన్ మీద ఒకే టేబుల్. పేరు, పాస్‌పోర్ట్ నంబరు, ఫొటో, పనిచేసే చోటు, ‘ఎవరి మనిషి’. పైన ఫిల్టర్‌లో ‘శత్రువు’ అని ఉంది. కింద పన్నెండు వరసలు. ఏడో వరసలో అక్క నవ్వుతోంది.

డిలీట్ నొక్కాడు. పాస్‌వర్డ్ అడిగింది. పెన్నులో దాచిన గాడ్జెట్ పెట్టి చూశాడు. లాభం లేదు.

“ప్లగ్గు పీకేస్తే?”

“అలారం మోగుతుంది. బాస్ కిందే కాఫీ తాగుతున్నాడు. పన్నెండు కాగానే ఫిల్టర్‌లో కనిపించే వరసలు వాటంతటవే బోర్డర్ పోలీసులకి వెళ్లిపోతాయి. లిస్టులో ఎవరుంటే వాళ్లని పట్టుకుంటారు.”

“కనిపించని వరసలు కూడా ఉన్నాయా?”

“ముఠా మనుషులవి. వేరే టేబుల్ పెట్టడానికి బాస్‌కి బద్ధకం. అందర్నీ ఇందులోనే కుక్కాడు.”

అతని చెయ్యి మౌస్ మీద ఆగింది. డేటాకి అన్ని తాళాలు వేసిన బాస్ ఫిల్టర్‌ని గాలికొదిలేశాడు! ‘శత్రువు’ తీసేసి ‘మనవాడు’ పెట్టాడు. పన్నెండు వరసలు మాయమై మూడువందల ఎనభై ఎనిమిది వచ్చాయి.

“ఆగు!” ఆమె అతని భుజం పట్టుకుంది. “అందులో నేనూ ఉన్నాను!”

పదకొండూ యాభై తొమ్మిది. ఇంకో షరతు కలపాలి. ‘పనిచేసే చోటు’ కాలమ్‌లో ఈ ఆఫీసు ముందున్న టిక్ తీసేశాడు. మూడువందల ఎనభై ఆరు. గడియారం పన్నెండు చూపించింది. స్క్రీన్ మీద ‘సెండ్ అయింది’ అని పడింది.

అయిదు నిమిషాలు నిలబడలేడు, కూర్చోలేడు. చివరికి ఫోన్ మోగింది.

“గేటు దాటేశాన్రా,” అంది అక్క. “నా ముందున్న పెద్దమనిషిని మాత్రం పెడరెక్కలు విరిచి లాక్కెళ్లారు. ఏం చేశావురా?”

ఏడుపొచ్చింది, ఏడ్చేశాడు. తర్వాత కళ్లు తుడుచుకుని టూల్ బ్యాగ్‌లోంచి బేడీలు తీసి తలుపు వెనక నిలబడ్డాడు.

బాస్ కాఫీ కప్పుతో లోపలికొచ్చాడు. “లిస్టు వెళ్లిందా?”

“వెళ్లింది సార్,” మేనేజరు కళ్లద్దాలు సర్దుకుంది. “మనవాళ్లందరూ వెళ్లారు, మనిద్దరం తప్ప.”