కొల్లేటి దారిలో యెవార్

1956 ఫిబ్రవరి పద్నాలుగు. ఉదయం తొమ్మిదీ పది.

ఆకివీడు పోలీస్ స్టేషన్లో సబ్ ఇన్‌స్పెక్టర్ దేవరాజు ఎదుట ప్రభావతి కూర్చుంది. ఆమె భర్త మత్తయి మాస్టారు విషజ్వరంతో పోయి పదహారు రోజులైంది.

"పోయిందేమిటమ్మా?"

"నోటుబుక్కండీ. నల్ల అట్ట."

"అందులో ఏముంది?"

"ఒకే ఒక్క స్పానిష్ క్రియండీ. యెవార్. మోయడమూ అదే, తొడుక్కోవడమూ అదే, వెంట తీసుకెళ్ళడమూ అదే. ఇన్నేళ్ళుగా ఉండడం కూడా అదేనటండీ. ఎక్కడ ఏ అర్థం తీసుకోవాలో వాక్యాలు కట్టి, దిద్ది, మళ్ళీ కట్టి మూడేళ్ళు రాశారు. స్పెయిన్ నుంచి వచ్చే ఫాదర్లు దాన్నిబట్టి తెలుగు నేర్చుకుంటారని, అచ్చు వేయిస్తామని చర్చి ఫాదర్‌గారు మాటిచ్చారు. ఆయన పేరుతో మిగిలేది అదొక్కటేనండీ."

"ఎవరిమీదైనా అనుమానమా?"

ఆమె తల వంచుకుంది. "నిన్న ఫాదర్‌గారికి అలాంటి పుస్తకమే వచ్చిందటండీ. రాసింది లక్ష్మీకాంతంగారట."

లక్ష్మీకాంతం ఏలూరులో ట్యుటోరియల్ లెక్చరర్. మత్తయితో కలిసి ఒకే ఫాదర్ దగ్గర ఆ భాష నేర్చుకున్న స్నేహితుడు. పరామర్శకు వచ్చి, మత్తయి గదిలో అరగంట ఒంటరిగా కూర్చుని ఏడ్చి వెళ్ళాడు.

దేవరాజు ఫాదర్ దగ్గర ఆ రాతప్రతి తీసుకున్నాడు. మధ్యాహ్నం రెండింటికి ఏలూరులో ఉన్నాడు.

"ఇది మీరే రాశారా?"

"నేనేనండీ. ఇదిగో, ఈ టేబుల్ మీదే."

"అన్నీ కొల్లేటి సంగతులే. అక్కడ తిరిగారా?"

"ఛీ ఛీ! ఆ చేపల కంపు నాకు పడదండీ. ఆకివీడు రేవు దాటి ఎన్నడూ అడుగు వెయ్యలేదు. అంతా ఊహించి రాసిందే."

"మరి మత్తయి?"

"పాపం, ఆ పల్లెటూరి బుర్రకి మోయడం ఒక్కటే తెలుసండీ." లక్ష్మీకాంతం నవ్వి, సెంటు పూసిన రుమాలుతో పెదవులు ఒత్తుకున్నాడు.

చచ్చిపోయినవాడిమీద ఆ నవ్వేమిటి? దేవరాజుకు ఒళ్ళు మండింది. ఇచ్చిన కాఫీ ముట్టకుండా లేచాడు.

మర్నాడు ఉదయం ఏడున్నరకు దేవరాజు ఆకివీడు రేవులో జగ్గయ్య నడిపే పడవ ఎక్కాడు. మత్తయి రోజూ కొల్లేటికోట బడికి వెళ్ళిన పడవే అది. ఒళ్ళో రాతప్రతి తెరిచి పెట్టుకున్నాడు.

సాయంత్రం నాలుగింటికి అందర్నీ స్టేషన్‌కు పిలిపించాడు.

"జగ్గయ్యా, మాస్టారు పడవలో ఏం చేసేవారు?"

"ఎక్కారంటే రాతేనండి. ఏది కనపడితే దానిమీద ఒక ముక్క రాసుకునేవోరండి."

దేవరాజు రాతప్రతి విప్పాడు. "మొదటి వాక్యం, రేవులో ఆమె చేపలబుట్ట మోస్తోంది. మూడోది, అతను తాటాకు టోపీ పెట్టుకున్నాడు. తొమ్మిదోది, గూడకొంగ పిల్లలకు చేప తీసుకెళుతోంది. మొత్తం ఇరవైమూడు. చివరిది కొల్లేటికోట బడి గంట. పొద్దున్న ఇదే వరసలో చూసుకుంటూ వెళ్ళాను. ఒక్కటీ ముందూ వెనకా కాలేదు."

"ఎవరైనా ఊహించవచ్చు కదండీ," అన్నాడు లక్ష్మీకాంతం.

"పదిహేడోది వినండి. విరిగిన దోనె ఆరేళ్ళుగా బురదలో ఉంది. జగ్గయ్యా, ఎవరిదది?"

"మా బావదండి. ఆరేళ్ళనాడు పెద్దగాలికి విరిగిపోయిందండి. నడికొల్లేట్లో దిగబడి ఉంది. పడవమీద వెళ్తేనే కనపడుద్దండి."

"రేవు దాటని మీకు ఆ దోనె ఎలా తెలిసింది సార్?"

లక్ష్మీకాంతం మొహం పాలిపోయింది. రుమాలు కింద పడింది.

"అసలు నోటుబుక్కు ఎక్కడ?"

"కాల్చేశానండీ... వేణ్ణీళ్ళ పొయ్యిలో."

దేవరాజు దొంగల్ని చాలామందిని పట్టుకున్నాడు గానీ, ఇంత రోత ఎన్నడూ పుట్టలేదు. దుఃఖంలో ఉన్న ఇంట్లో స్నేహితుడిలా ఏడుస్తూ దొంగతనం, ఆపైన ఆ పుస్తకంతో నీళ్ళు కాచుకుని స్నానం! "వీణ్ణి నా కళ్ళముందునుంచి తీసుకుపో," అన్నాడు కానిస్టేబుల్‌తో.

మొదటి పేజీలో లక్ష్మీకాంతం పేరును ఎర్ర పెన్సిల్‌తో కొట్టేసి, కాగితాలు ప్రభావతి ముందుకు జరిపాడు. ఆమె వాటిని తాకలేదు.

"అక్షరాలు ఆయనవి కావండీ. ఆ చెయ్యి చూస్తేనే అసహ్యంగా ఉందండీ."

గుమ్మం దగ్గర జగ్గయ్య గొంతు సవరించుకున్నాడు.

"రేపు ఏడింటికి రేవుకి రండమ్మా. ఏది ఎక్కడ చూసి రాశారో నేను చూపిస్తాను. మీ చేత్తో రాసుకుందురుగాని."

ప్రభావతి దేవరాజును ఒక కొత్త నోటుబుక్కు అడిగింది.