తుడవని అద్దం

ఆన్సర్ కీ ఉన్న కవరు సీలు ఊడి ఉంది.

టెస్టు అయిన మర్నాడు ఆ సంగతి బయటపడింది. గని కంపెనీ ఇచ్చే ఒకే ఒక్క ఫ్రీ డిప్లొమా సీటు కోసం కుడతిని స్కూల్లో పెట్టిన టెస్టు అది.

ఎస్సై తనూజ జీపు దిగేసరికే దొంగను అందరూ తేల్చేసుకున్నారు. చోరనూరు గ్లోరియా. టెస్టు ముందురోజు కవరున్న ఆఫీసు ఊడ్చింది ఆ పిల్లే.

"ఇంగ్లీషు పదాల్లో ఇరవైకి పంతొమ్మిది, మేడమ్!" సెంటర్ ఇన్‌చార్జి ఆల్విన్ గొంతు చించుకున్నాడు. "ఒక్కదానికీ అర్థం తెలీదు. మీరే అడగండి."

తనూజ అడిగింది. "ఒపేక్ అంటే ఏంది?"

"తెలీదు మేడమ్."

"ఫ్రూగల్?"

"తెలీదు."

"మరి మార్కులు యాడ నుంచి వచ్చినాయి?"

"చుట్టూ ఉండే మాటలు చూసి పెట్టినా మేడమ్." గ్లోరియా కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఈ సీటు పోతే మా అమ్మ నన్ను ఖనిజం ఏరను తోలుతాది."

ఆల్విన్ వెటకారంగా నవ్వాడు. తనూజ కూడా నమ్మలేదు. అసలు ఎవరినైనా అంత తొందరగా నమ్మే మనిషి కాదామె.

"ఆ రోజు ఆఫీసుకు ఇంకెవరొచ్చినారు?"

"రవితేజ, ఫీజు కట్టను. కానీ వాడు ఇరవైకి ఇరవై, మేడమ్. క్లాస్ ఫస్ట్. వాణ్ణి అనుమానించేదానికి లేదు," అన్నాడు ఆల్విన్.

"ఎందుకు లేదప్పా?"

ఆమె కీ, ప్రశ్నపత్రం, ఇద్దరి ఆన్సర్ షీట్లు పక్కపక్కన పరిచింది. గ్లోరియాకు తప్పు పడింది ఒక్క పదమూడో ప్రశ్నలోనే. తనూజ దాన్ని రెండుసార్లు చదివింది.

రవితేజను పిలిపించింది.

"పదమూడోది తెలుగులో చెప్పు."

"ఖనిజం లారీలు పోయాక బస్సు అద్దం ఒపేక్ అయింది. డ్రైవరు దిగి తుడిచేదాకా దారి కనపడలేదు."

"ఒపేక్‌కు నువ్వు పెట్టిన జవాబు?"

"శుభ్రమైన..."

"దారి కనపడని అద్దం శుభ్రంగా ఉండాదా?"

"పొరపాటండీ."

"పొరపాటే. కీ తయారు చేసినోళ్ల పొరపాటు. దాంట్లో 'శుభ్రమైన' అనే ఉండాది. అది నీ షీట్లోకి ఎట్లొచ్చినాది?"

ఆల్విన్ కీ లాక్కుని చూశాడు. ప్రశ్న చదవకుండానే గ్లోరియా పెట్టిన 'మసకబారిన'ను తప్పని దిద్దేశాడు మహానుభావుడు!

రవితేజ కుర్చీలో కూలబడ్డాడు. "మా నాన్నకి చెప్పకండి మేడమ్."

"మీ నాయనే ముందు రావల్ల."

ఆల్విన్ చెమట తుడుచుకున్నాడు. "సరే, సీటు గ్లోరియాకే. పంతొమ్మిదితో..."

"పంతొమ్మిది కాదు సార్," అంది గ్లోరియా. "ఇరవై."