దాచింది కాదు, ఇచ్చింది

పొద్దున్నే అద్దం ముందు నిలబడి భర్త ఉపన్యాసం వల్లిస్తున్నాడు. పుట్టిన బిడ్డ బొడ్డుతాడు రక్తంలోని కణాలను, రేపేదైనా జబ్బొస్తే పనికొస్తాయని, డబ్బు తీసుకుని అతిశీతలంలో భద్రపరిచే కంపెనీలో అతను సేల్స్ మేనేజరు. గిరాకీ పెరిగిపోయి ఊరి చివర కొత్త భవనం కట్టారు. సాయంత్రమే ప్రారంభం. అందులో మొదట చేరేవి తన బిడ్డ కణాలేనని వేదిక మీద ప్రకటిస్తానని యజమానికి మాటిచ్చాడు. నిండు నెలలతో ఉన్న భార్యను మాత్రం అడగలేదు.

ఆమె ఈత టీచరు. మామూలుగా మాట్లాడినా కొలను అవతలి గట్టుకు వినిపించే గొంతు.

"మా వదినగారి పాప రక్తజబ్బుతో మంచాన పడింది. ఇవాళ బడిలో పరుగుపందేలకు వెళ్తోంది. కారణం, భద్రపరిచిన కణాలు. ముందుచూపున్న తల్లిదండ్రులు..."

"ఆగండి," అంది భార్య గుమ్మంలోంచి. "మా అక్కా బావా ఏం దాచారని?"

"దాచారని నేననలేదే."

"వినేవాళ్లకి అలాగే వినపడుతుంది. మన ఇంట్లో ఎవరివీ పాపకి సరిపోలేదు. ముక్కూ మొహం తెలియని తల్లెవరో తన కాన్పప్పుడు బొడ్డుతాడు రక్తం పెద్దాసుపత్రి బ్యాంకుకి ఊరికే ఇచ్చింది. ఆవిడ కూడా మీ దగ్గర దాచుకునుంటే మన పాప ఏమయ్యేది?"

"వ్యాపారమన్నాక కాస్త అటూ ఇటూ చెప్తాం. విజిలేస్తే అందరూ ఆగిపోవడానికి ఇదేం నీ కొలను కాదు."

"అయితే వినండి. మన బిడ్డది కూడా పెద్దాసుపత్రికే ఇస్తాను."

"నా బిడ్డదే ఊరికే ఇచ్చేస్తే రేపు ఏ మొహం పెట్టుకుని అమ్మాలి? ఉద్యోగం పోతుంది."

కూరలు తరుగుతున్న అత్తగారు కత్తి పక్కన పెట్టారు. "ఒరే, కనేది ఎవర్రా?"

"అమ్మా, నువ్వు మధ్యలో..."

"నిన్ను కన్నప్పుడు నన్నెవరూ ఏదీ అడగలేదు. ఇప్పుడైనా అడగమంటున్నా."

అతను బ్యాగు తీసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం సభకు అత్తాకోడళ్లిద్దరూ వెళ్లారు. వేదిక మీద అతను అవే మాటలు, అదే ఒరవడిలో చెప్పాడు. వెనక తెర మీద పాప ఫోటో పడింది. చప్పట్లు మోగాయి. భార్య కుర్చీ పట్టుకుని నెమ్మదిగా లేచింది. ఆమెకు మైకు అవసరం లేకపోయింది.

"ఆ పాప మా అక్క కూతురు. దాచుకున్నవాటితో బతకలేదు, ఎవరో ఇస్తే బతికింది. దాచుకునేవాళ్లు దాచుకోండి. మా పాపని చూపించి మాత్రం అమ్మకండి."

యజమాని మొహం నల్లబడింది. తిరుగు దారిలో కారు నడుపుతూ భర్త పళ్లు కొరికాడు.

"నలుగురిలో నా పరువు తీశావు."

"మీరు మా పాపని బేరం పెట్టారు. దాని సంగతి తేలాక మీ పరువు సంగతి మాట్లాడదాం."

అతన్ని మర్నాడే చిన్న శాఖకు మార్చారు. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. కావలసినవన్నీ అత్తగారి ద్వారానే ఇటూ అటూ నడిచేవి. ఆమె మాత్రం ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోలేదు.

పెద్దాసుపత్రిలో కాన్పయింది. ఆడపిల్ల. నర్సు బొడ్డుతాడు రక్తం నింపిన చిన్న సంచితో వరండాలోకి వచ్చింది.

"మీ ఆవిడ దీన్ని మా బ్యాంకుకే ఇవ్వమన్నారు. మీరేమంటారు?"

అతను ఆ సంచి వైపు చూశాడు. "ఆవిడ చెప్పింది కదా. తీసుకెళ్లండి," అన్నాడు. నాలుగడుగులు వేసిన నర్సును మళ్లీ పిలిచాడు. "ఎవరికి వెళ్తుందో మాకు తెలుస్తుందా?"

"తెలియదండీ."

గదిలోకి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"మీ అక్క పాపకి ఇచ్చినావిడ భర్త కూడా ఇలాగే వరండాలో నిలబడి అడిగుంటాడు. తెలియదంటే, సరేనని వెళ్లిపోయుంటాడు. అతన్ని ఒక్కసారైనా తలుచుకోలేదు నేను." అతని కళ్లు నిండాయి. "నువ్వు లేచి నిలబడకపోతే ఇంకా అదే కథ చెప్పుకు తిరిగేవాణ్ణి."

"ఇంకోసారి చెప్తే ఇంకోసారి నిలబడతాను," అంది ఆమె. పక్కకు జరిగి, కూతుర్ని అతని చేతుల్లో పెట్టింది.