మూత వాల్చకూడదు

మా హోటల్ సాల్మియాలో, సముద్రపు గాలి తగిలేంత దగ్గర్లో ఉండేది. ముందు హాలు, వెనక వంటిల్లు, వంటింట్లోంచి సందులోకి ఒక తలుపు. చైనా హోటల్. చిన్న వెదురు బుట్టల్లో ఆవిరి మీద ఉడికించిన పిండివంటలు, వాటితో పాటు టీ. డిమ్ సమ్ అంటారు. రాత్రిపూట దొరకదు, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకానే. బుట్టలను చక్రాల బండి మీద పేర్చి బల్లల మధ్య తోసుకుంటూ వస్తారు. కావలసినది చూపిస్తే దించి పెడతారు. శుక్రవారం నమాజు అయ్యాక కువైటీ కుటుంబాలతో హాలు కిటకిటలాడేది.

నేను కౌంటర్లో కూర్చునేదాన్ని. కడపలో బి.కాం. చదివి, పెళ్లయి కువైట్ వచ్చాను. మా ఆయన మునాఫ్ హోటల్ వ్యాను నడిపేవాడు.

బండి తోసే మనిషి ఫాంగ్ అవ్వ. హాంకాంగ్ నుంచి వచ్చింది. బ్రహ్మచెవుడు. పిలిస్తే పలకదు, అరిచినా తిరగదు. ఆమెకు తెలిసిన పిలుపు ఒక్కటే. టీ అయిపోతే కూజా మూత తీసి పక్కకు వాల్చి పెడతారు. నీళ్లు కావాలని దాని అర్థం. హాల్లో ఏ మూల మూత వాలినా ఆమె కంట పడేది. మరిగే నీళ్ల కెటిల్‌తో వచ్చి, ముందు బల్ల దగ్గరి పెద్దమనిషికి, తర్వాత మిగిలినవాళ్లకు పోసేది. పోయించుకున్నవాళ్లు రెండు వేళ్లతో బల్ల మీద తట్టాలి. అది వాళ్ల మర్యాద.

ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిన వారంలోనే సిపాయిలు హాల్లోకి దూరారు. ఎవరూ కదలొద్దని అరిచారు. మేమందరం ఆగిపోయాం. ఫాంగ్ అవ్వ ఆగలేదు. మూల బల్ల మీద మూత వాలి ఉంది. ఆమె అటే నడుస్తోంది. వీపు మీద కాల్చారు. కింద పడ్డాక కూడా కెటిల్ ఒలకకుండా పట్టుకునే ఉంది.

వెనక సందులో పాతిపెట్టాం. మిగిలిన చైనావాళ్లు జోర్డాన్ దారిన వెళ్లిపోయారు. నేను, మునాఫ్, గిన్నెలు తోమే సిద్ధమ్మ మిగిలాం.

అక్టోబరులో ఒక సిపాయి చక్కెర కోసం హోటల్లోకి దూరాడు. టీ కాచుకున్నాడు. తాగి, మూత వాల్చి పెట్టాడు. తెల్లారి సిద్ధమ్మ చూసింది. కుర్చీలో బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. నోరు, గొంతు ఉడికిపోయి ఉన్నాయి. నోట్లోంచి ఇంకా ఆవిరి వస్తోంది.

ఆ రోజే సిద్ధమ్మ హాల్లో ఉన్న ప్రతి కూజాకూ మూతను పిడికి తాడుతో బిగించి కట్టేసింది. నేను దెయ్యాలను నమ్మే మనిషిని కాను. కానీ తాడు విప్పమని చెప్పలేదు.

ఫిబ్రవరిలో మునాఫ్‌ను పట్టుకుపోయారు. వ్యాన్లో కువైటీ ఇళ్లకు దొంగతనంగా పిండి చేరవేస్తున్నాడని నేరం. అది నిజమే. వ్యాను మాత్రం సందులోనే మిగిలింది. నేను రోజూ పోలీస్ స్టేషన్ గేటు దగ్గర నిలబడేదాన్ని. ఒకరోజు ఒక మేజర్ జీపు దిగి నా దగ్గరకు వచ్చి, నువ్వు ఎక్కడ పని చేసేదానివని అడిగాడు. చెప్పాను. అతని మొహం వెలిగింది. ఎప్పుడో హాంకాంగ్‌లో తిన్నాడట.

"నాకు మళ్లీ అలా తినాలని ఉంది. బండి, బుట్టలు, టీ, అన్నీ పద్ధతిగా జరగాలి. నీ మొగుణ్ణి వెంట తెస్తాను. తిన్నాక తీసుకుపో."

సిద్ధమ్మకు చెబితే అటక మీది డబ్బాలు దించి చూసింది.

"ఎండు రొయ్యలు ఉండాయి. పిండి ఆ మేజరే పంపిస్తాడంట గదా. మడత అంటావా, మా యమ్మ నేర్పిన కజ్జికాయ మడతే. చైనా అని చెప్పి పెడదాం."

"ఉప్పు చూసుకో."

"ఉప్పు తక్కువైతే కాలుస్తాడా యాస్మినక్కా, ఎక్కువైతే కాలుస్తాడా? ముందే చెప్పు, దాన్ని బట్టి ఏస్తా."

ఆ నెలలో నేను నవ్వింది అప్పుడొక్కసారే.

విందు రోజున మధ్యాహ్నం అనేదే రాలేదు. దక్షిణాన నూనె బావులు తగలబడుతున్నాయి. పొగ ఊరి మీదికి వచ్చి సూర్యుణ్ణి మింగేసింది. పదకొండు దాటేసరికి అమావాస్య చీకటి. కరెంటు లేదు. అద్దాల మీద నల్లటి చినుకులు జారుతున్నాయి. హాలంతా పచ్చి కిరసనాయిలు వాసన. కొవ్వొత్తులు వెలిగించి బల్ల వేశాం. నాలుగు కుర్చీలు, నాలుగు కప్పులు. అక్కడ బల్ల ఎప్పుడూ అలాగే వేస్తారు.

మేజర్ వచ్చాడు. డ్రైవర్‌ను జీపులోనే ఉంచి, ఒక మనిషిని ముందుకు తోసుకుంటూ లోపలికి తెచ్చాడు. ఆ మనిషి తలకు బియ్యం గోతం తొడిగి ఉంది. చేతులు వెనక్కి విరిచి తీగతో కట్టారు. ఒంటి మీద హవల్లీలో నేను కొన్న నీలి గళ్ల చొక్కా. భుజాలు జారిపోయాయి. చొక్కా వదులైంది. స్టేషన్లో తిండి పెట్టరు కదా అనుకున్నాను.

"మునాఫ్" అన్నాను.

గోతం నా వైపు తిరిగింది.

"మాట్లాడించావంటే ఒప్పందం ఖలాస్" అన్నాడు మేజర్. అతణ్ణి తన ఎదుట కూర్చోబెట్టాడు. గోతం మనిషి పక్క కుర్చీ ఖాళీ.

నేను బండి తోశాను. బుట్టలు దించాను. టీ పోశాను. మేజర్ రెండు వేళ్లతో బల్ల మీద తట్టాడు. పద్ధతి తెలిసినవాడే. రొయ్యల ముద్దను చైనావాళ్లు తినే పుల్లలతో పట్టుకుని గోతం దగ్గరకు తెచ్చి ఆపాడు.

"వాసన చూడు."

గోతం గుడ్డ లోపలికి పీల్చుకుపోయింది. మళ్లీ ఉబ్బింది. మళ్లీ పీల్చుకుపోయింది. మేజర్ ఆ ముద్దను తన నోట్లో వేసుకున్నాడు. ప్రతి బుట్టకూ అదే ఆట. తొందర లేదు. నేను పక్కన నిలబడి చూశాను.

చివరి బుట్ట ఖాళీ అయ్యాక మూతి తుడుచుకున్నాడు.

"చాలా బాగుంది. రేపు మళ్లీ వస్తాం."

"తిన్నాక పంపిస్తానన్నారు."

"అన్నాను. నా తిండి ఇంకా అయిపోలేదు మదాం. నాకు నీ వంట మీద మోజు తీరే దాకా ఇతను బతుకుతాడు. మంచి ఒప్పందమే కదా? ఇంకొంచెం టీ పోయ్."

కూజా తీసుకుని కౌంటర్ దగ్గరకు వచ్చాను. గోరుతో తాడు ముడి విప్పడం మొదలుపెట్టాను. సిద్ధమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా... మీ ఆయన కూడా ఆ బల్ల కాడే ఉండాడు" అని గొణిగింది.

"అవ్వ ముందు పెద్దమనిషికే పోస్తుంది."

"ఆ తర్వాత?"

"ఆలోపు లాగేస్తా. నువ్వు వంటింటి తలుపు దగ్గర ఉండు."

"వంటింట్లోంచే గదా ఆమె వచ్చేది..."

కూజాను మేజర్ ముందు పెట్టాను. మూత తీసి పక్కకు వాల్చాను. వెనక్కి జరిగి నిలబడ్డాను.

మేజర్ కూజాలోకి తొంగి చూశాడు. "నీళ్లేవి?"

"వస్తున్నాయి" అన్నాను.

వంటింట్లో ఎవరూ లేరు. పొయ్యి ఆర్పేశాం. బండి నా పక్కనే ఉంది.

అయినా వంటింట్లో చక్రం కీచుమంది.

ఆగింది. మళ్లీ కీచుమంది... దగ్గరగా.

మల్లెల టీ వాసన వచ్చింది. దాని వెనకే తడి మట్టి వాసన. తలుపు రెక్క తెరుచుకుంది. ఎవరూ లోపలికి రాలేదు. రెక్క మూసుకుంది. కొవ్వొత్తులు ఒకదాని తర్వాత ఒకటి ఒకే వైపుకు వంగాయి... కౌంటర్ దగ్గరిది, మధ్య బల్లది, చివరికి మేజర్ బల్ల మీది కొవ్వొత్తి.

అతను తల ఎత్తాడు. పొట్టి మనిషి నిలబడితే మొహం ఎక్కడుంటుందో అక్కడికి చూశాడు. నవ్వాడు.

"ఈమెను ఇంతసేపూ ఎక్కడ దాచారు?"

గాలిలోంచి సన్నటి ధార అతని కప్పులోకి దిగింది. పొగలు కక్కే నీళ్లు. కప్పు నిండింది. మేజర్ రెండు వేళ్లతో తట్టాడు.

ధార ఆగలేదు.

నీళ్లు బల్లగుడ్డ మీదికి పొర్లాయి. అంచు దాటాయి. అతని ఒళ్లోకి పడుతున్నాయి. ఆవిరి లేస్తోంది. అతను లేవలేదు. అరవలేదు. నవ్వు మొహం మీద అలాగే ఉంది. వేళ్లు తడుతూనే ఉన్నాయి. ధార పైకి జరిగింది... పొట్ట మీదికి... ఛాతీ మీదికి... అతను తల వెనక్కి వాల్చి, పాలు పోయించుకునే పిల్లాడిలా నోరు తెరిచాడు.

మూత మూస్తే ఆగుతుంది. అది చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది. నేను చెయ్యి చాచలేదు.

అతని నోరు నిండాక ధార తెగింది. ఇప్పుడు అవతలి వైపు... నేను గోతం మనిషి వైపు దూకాను. కానీ ధార అతని కప్పు దగ్గర ఆగలేదు. దాన్ని దాటి అతని పక్క ఖాళీ కుర్చీ ముందున్న కప్పులోకి దిగింది. అంచు దాకా నిండి, బుద్ధిగా ఆగింది. ఒక్క చుక్క కూడా ఒలకలేదు.

నేను చూస్తుండగానే ఆ కప్పులో నీళ్లు తగ్గాయి.

"యల్లా అక్కా, పద పద" అంది సిద్ధమ్మ. అతని చొక్కా పట్టుకుని లాక్కుపోయాను. వంటింట్లోంచి పరిగెత్తాం. నేల వెచ్చగా, తడిగా ఉంది. సందులో వ్యాను. మా వెనక హాల్లో రెండు వేళ్లు ఇంకా తడుతూనే ఉన్నాయి... టక్ టక్... టక్ టక్...

నేనే నడిపాను. మునాఫే నేర్పాడు. సులైబియా తోటల్లో సిద్ధమ్మ ఊరివాళ్లు దాక్కుని ఉన్నారు, అక్కడికే దారి. లైట్లు వేయలేదు. ఊరు దాటాక సిద్ధమ్మ వెనక సీట్లో అతని చేతుల తీగ విప్పి, కత్తితో గోతం కోసింది. కోసి ఆగిపోయింది.

"అక్కా, ఈయప్ప మీ ఆయన కాదు."

అద్దంలో చూశాను. నలభై ఏళ్ల మనిషి. ఎండిన పెదాలు. ఎన్నడూ చూడని మొహం.

"నా పేరు చిన్నపుల్లయ్యక్కా. రాయచోటి. షుఐబాలో కూలి పని" అన్నాడు. "పొద్దున మేజరు ఈ చొక్కా తొడిగిచ్చినాడు. నోరు తెరిస్తే ఆడనే కాలుస్తానన్నాడు."

"చొక్కా మనిషి ఎక్కడ?"

అతను సిద్ధమ్మ వైపు చూశాడు. ఆమె సాయం చేయలేదు.

"మునాఫన్నను మొన్ననే... గోడ కాడికి తీసకపోయినారు. చొక్కా బాగుండాదని ముందే ఇప్పించినారు. నేనే మోసినా అక్కా."

నేను గేరు మార్చాను. ఇంకేం చేయను? రోడ్డు మీద గుంటలున్నాయి.

"అక్కా" అన్నాడు చిన్నపుల్లయ్య మెల్లగా. "ఆ బల్ల కాడ నా పక్కన కూచున్యోడు ఎవరు?"

"ఎవరూ కూర్చోలేదు."

"మోకాలు తగుల్తానే ఉండె. తలకు గోతం గదా, మొగం కనపళ్లే. చెవి కాడికొచ్చి ఒకటే మాట. సలి పుడతాంది, నా చొక్కా నాకియ్యి అని. చేతులు కట్టేసినారు, ఎట్ల ఇయ్యాల?"

వ్యాను ఆపాను.

"విప్పు."

విప్పాడు. సిద్ధమ్మ తన దుప్పటి అతనికి కప్పింది. ఇద్దరినీ ముందు సీట్లోకి రమ్మన్నాను. చొక్కాను ఖాళీ అయిన వెనక సీటు మీద పడేశాను. మళ్లీ బయల్దేరాం. పొగలో దూరంగా మంటలు ఎర్రగా కదులుతున్నాయి. మొదటి తోట కంచె కనిపించే దాకా నేను అద్దం వైపు చూడలేదు.

చూసేసరికి చొక్కా సీటుకు ఆనుకుని నిటారుగా ఉంది. గుండీలన్నీ పెట్టి ఉన్నాయి.

మునాఫ్ పై గుండీ ఎప్పుడూ పెట్టడు. ఊపిరాడదంటాడు.

అది కూడా పెట్టి ఉంది.