బరువురాయి మలుపులో ఆగిన జీపు

మొగిలి కనుమలో బరువురాయి మలుపంటే చిత్తూరు నుంచి పలమనేరు దాకా తెలీని డ్రైవరు ఉండడు. మూటలు మోసుకోని కనుమ ఎక్కేవాళ్లు ఒక నిమిషం బరువు దించుకునేదానికని ఎప్పుడో ఎవరో రోడ్డు పక్కన నిలబెట్టిన రాతిబండ అది. పగలు దానిమీద కాకులు వాల్తాయి. పొద్దు గూకినాక మాత్రం ఆ మలుపులో ఎవరూ బండి నిలపరు. టైరు పంక్చరైనా సరే... రిమ్ము మీదనే ఈడ్చుకోని మలుపు దాటతారు.

రాయి పక్కన ఒక ఆడమనిషి నిలబడి ఉంటాదంట.

తెల్లగుడ్డ. విరబోసుకున్న జుట్టు. లైటు పడతానే చెయ్యి ఎత్తుతాదంట. ఏమో కేక వేస్తాది గాని... ఏమంటా ఉండాదో ఎవరికీ అర్థం కాదంట. జాలిపడి నిలిపితే ఎక్కి కూర్చుంటాది, బండి బండరాయి మాదిరి బరువెక్కుతాది, ఇంక బ్రేకులు పట్టవు. ఇట్లా చెప్పేవాళ్లు.

నాకు ఈ సంగతి చెప్పింది కుప్పుస్వామి. చిత్తూరు సంతపేటలో షెడ్డు పెట్టుకున్న మెకానిక్కు. ఆమెను చూసినామని చెప్పినోళ్లు ఎంతమందో గాని, బండి దిగి దగ్గరికి పోయినోడు నాకు తెలిసి ఆయనే. అదీ ఆయనగా పోలేదు. జయరావు దిగి పోతే, జీపులో ఒంటరిగా కూర్చునేదానికి భయమై వెనకాలే పోయినాడు.

ఈ జయరావు బంగారుపాళ్యంలో మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో బాయిలర్ చూసుకునేవాడు. నలభై ఐదేండ్ల మనిషి. పిల్లల్లేరు. భార్య వసంతమ్మ ఇస్కూల్లో టీచరు. ఏదో పత్రికలో కొండల మధ్య జీపు, దాని పక్కన డేరా, మూడు రాళ్ల మీద కాఫీ గిన్నె ఉన్న బొమ్మ చూసి, "మనమూ ఒక దినం ఇట్లా ఆకాశం కింద పండుకోవల్ల" అని ఆమె అంటా ఉండేదంట. "వచ్చే ఏడు చూస్తాం" అని ఈయన అంటా ఉండేవాడు. అట్లా పన్నెండేండ్లు పోయినాయి. డెబ్బై తొమ్మిదిలో ఆమెకు జబ్బు చేసి వేలూరు ఆసుపత్రిలో పోయింది.

జయరావు ఏడవలేదు. ధైర్యం చేసుకున్నాడని కాదు... మంట ఆర్పేసిన బాయిలర్ ఎట్లుంటాదో అట్లుండినాడు. అన్నం పెడితే తినేవాడు. పిలిస్తే పలికేవాడు. ఇంట్లో నిద్ర పట్టక తెల్లార్లూ వీధి అరుగు మీద కూర్చునేవాడు.

చర్చిలో నలభయ్యోదినం ప్రార్థన అయిపోయిన మర్నాడు బస్సెక్కి బెంగుళూరు పోయినాడు. ఆడ మిలిటరీవాళ్లు పాత బండ్లు వేలం వేస్తా ఉంటే, యుద్ధకాలం నాటి జీపు ఒకటి పాడుకున్నాడు. అది నడిచి రాలేదు. లారీ మీద వచ్చింది.

"ఏం సార్ ఇది? ఇనప సామాన్లకు తూకమేసుకుంటారా?" అని అడిగినాడు కుప్పుస్వామి.

"రిపేరు చెయ్యి. కొండల్లో పండుకునేదానికి పోవల్ల."

ఏడు నెలలు పట్టింది. ఇంజను తుప్పుకు బిగుసుకోని పోయి ఉన్నింది. సిలిండర్లలో కిరసనాయిలు, ఆముదం కలిపి పోసి పదిదినాలు నానబెట్టినారు. రేడియేటరుకు బిందెలకు మాటేసే ఆయనతో మాటు వేయించినారు. పచ్చ రంగు గోకితే లోపల ఇసక రంగు, అదీ గోకితే మళ్లీ పచ్చ. ప్రతి ఆదివారం జయరావు వచ్చి, చెప్పిన పని చేసి, ఒక్క మాట జాస్తి మాట్లాడకుండా పోయేవాడు.

కడపటి ఆదివారం ఒకటి చెప్పినాడు. "వెనక సీట్లు పీకేసి పలక వెయ్యి. ఇద్దరు పండుకునేట్టు."

కుప్పుస్వామి ఆయన మొగం చూసినాడు. అడగబోయి... పలక కొలతకు టేపు తీసినాడు.

మామిడి సీజన్ అయిపోయి వానలు పట్టినాక, ఒక శనివారం బయలుదేరినారు. పలమనేరు దాటి కైగల్ జలపాతం కాడ ఒక రేత్రి పండుకోని రావల్లని. దోవలో ఏమన్నా చెడిపోతే చూసేదానికి కుప్పుస్వామిని కూడా రమ్మన్నాడు. మధ్యాన్నమే పోవల్సింది. ఇంజనుకు పెట్రోలు తోడే పంపు మొరాయించి, అది సరిచేసేటప్పటికి చీకటి పడింది.

కనుమ ఎక్కేటప్పటికి తొమ్మిది దాటింది. సన్నగా వానతూర. జీపుకు అద్దాలు లేవు, తలుపులు లేవు. పైన టార్పాలిన్, అంతే. పాతకాలం ఆరు ఓల్టుల బ్యాటరీ — లైట్లు కిరసనాయిలు బుడ్డీల మాదిరి ముందర నాలుగు బారలు చూపించి ఆరిపోతాయేమో అన్నట్టు ఉన్నాయి. జోరుగా పోదామన్నా పోలేరు. ఎద్దులబండి మాదిరి ఎక్కతా ఉండారు.

మలుపు తిరిగినారు.

రాయి...

రాయి పక్కన తెల్లగా—

కుప్పుస్వామి జయరావు మోచెయ్యి పట్టుకున్నాడు.

"సార్... నిలపొద్దండి సార్."

తెల్లగుడ్డ కదిలింది. చెయ్యి లేచింది.

"మీ కాళ్లు పట్టుకుంటా... అది మనిషి కాదు."

జయరావు కాలు బ్రేకు మీదికి పోయింది. ఆ తెల్లగుడ్డ పక్కకే చూస్తా, "కాకపోతే ఏమి?" అన్నాడు.

అంతే. ఇంజను ఆపేసినాడు.

"నాకు ఆమెను చూసి పుట్టిన భయం ఒకెత్తు, ఆ మాట విన్నాక పుట్టింది ఒకెత్తు" అని కుప్పుస్వామి నాకు చెప్పినాడు. "బస్సు వచ్చిందా అని అడిగినట్టు అడిగినాడప్పా ఆ మనిషి."

జయరావు దిగి నడిచినాడు. ఆమె కదల్లేదు. దగ్గరికి వచ్చినా ఎత్తిన చెయ్యి దించలేదు. నీళ్లు కారే జుట్టు మొగానికి అంటుకోని ఉండాది. నోరు తెరుస్తా ఉండాది, మూస్తా ఉండాది... గొంతులోనించి గాలి మాత్రమే వస్తా ఉండాది.

"ఎవరమ్మా?"

గబుక్కున జయరావు మణికట్టు పట్టుకునింది. ఆ చెయ్యి చల్లగా ఉన్నిందంట. రాయి వెనకాల చీకట్లోకి లాగతా ఉండాది. జయరావు ఆమె వెంబడే పోతా ఉండాడు. కుప్పుస్వామి ఆయన చొక్కా పట్టుకోని పోతా ఉండాడు, కండ్లు మూసుకోని.

కాలికి ఏమో తగిలింది. మెత్తగా. మూలిగింది.

కుప్పుస్వామి కేక పెట్టినాడు.

జయరావు అగ్గిపుల్ల గీసినాడు. నులకమంచం మీద ఒక మొగమనిషి. మోకాలి దాకా కాలు నల్లగా వాచిపోయి ఉండాది. ఒంటిమీద గోచీ తప్ప గుడ్డ లేదు. ఆయన పంచెనే ఆమె తలమీద నుంచి కప్పుకోని ఉండాది, వానకు.

"పాము..." అనింది ఆమె. అరిచి అరిచి పోయిన గొంతు. "సామీ... పాము..."

ముగ్గురూ కలిసి ఆ మనిషిని ఎత్తి పలకమీద పండబెట్టినారు. రెండో మనిషికని ఉంచిన చోట్లో కుప్పుస్వామి కూర్చోని, కాలు కదలకుండా ఒళ్లో పట్టుకున్నాడు. ఆ ముసలి జీపు ఆ రేత్రి ఎట్లా ఎక్కిందో తనకే తెలీదంటాడు. పలమనేరు ఆసుపత్రిలో డాక్టరును నిద్ర లేపినారు. సూది వేసినారు. తెల్లారేటప్పటికి మనిషి కండ్లు తెరిచినాడు.

ఆయన పేరు వెంకటముని. ఆమె చెంగమ్మ. కనుమ వెనకాల అడవిలో ఇరవై ఇండ్ల ఊరు. ఆ ఊరికి రోడ్డు లేదు. ఎవరికేమైనా మంచం మీద మోసుకోని, కాలిదోవన బరువురాయి కాడికే దిగల్ల. మోసుకొచ్చిన మొగోళ్లు నడిచైనా పోయి బండి తెస్తామని కనుమ దిగి పోయినారు. ఆమె రాయి కాడ నిలబడింది.

వేడి కాఫీ తాగినాక చెంగమ్మకు గొంతు రవ్వంత పెగిలింది.

"ఎంత సేపు నిలబడినావమ్మా?" అని అడిగినాడు జయరావు.

"పొద్దు గూకినప్పట్నుంచి, సామీ. దీపాలు కనబడతానే చెయ్యెత్తతా. నన్ను చూస్తానే ఇంకా జోరుగా పోతారు. ఎందుకో తెలీదు." జుట్టు ముడేసుకుంటా మళ్లీ అనింది. "ఎప్పుడూ అంతే. మా అత్త కడుపునొప్పితో తెల్లార్లూ ఆడనే పొర్లాడి, ఆడనే పోయింది. అంతకు ముందు మా గురవమ్మ జరమొచ్చిన బిడ్డను ఎత్తుకోని నిలబడింది. ఆ బిడ్డా పోయింది."

దెయ్యం సంగతి వాళ్ల ఊర్లో ఎవరికీ తెలీదు.

కుప్పుస్వామి లేచి బయటికి పోయినాడంట. ఆసుపత్రి ముందర పడసాల్లో గోడకు ఆనుకోని నిలబడినాడు. షెడ్డు పెట్టక ముందు ఆయన లారీ క్లీనరు. ఒక రేత్రి ఆ మలుపులో ఆయనా చూసినాడు. తెల్లగుడ్డ, ఎత్తిన చెయ్యి. డ్రైవరు జాలిపడి యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీస్తా ఉంటే, "తొక్కన్నా, తొక్కు!" అని అరిచింది ఈయనే.

"ఇంకో చేతిలో ఏమో మూట మాదిరి ఉన్నిందప్పా" అన్నాడు నాతో.

జయరావు పలక కడుక్కున్నాడు. కుప్పుస్వామితో, "కైగల్ వద్దులే" అన్నాడు. అంతే.

ఆ తర్వాత షెడ్డుకు ఎప్పుడో ఒకసారి వచ్చి, ఆయిల్ మార్పించుకోని పోయేవాడు. యాడికి పోతా ఉండాడో కుప్పుస్వామి అడగలేదు. ఆయనా చెప్పలేదు. జీపు కింద మాత్రం ఎప్పుడు చూసినా కనుమ ఎర్రమట్టి, పలక మీద నులకమంచం పోగులు.

మరుసటేడు వానల్లో కుప్పుస్వామి ఒక లారీ గేర్‌బాక్సు చూసేదానికి మొగిలికి పోయినాడు. టీ అంగట్లో కూర్చోని ఉంటే, పక్కన ఒక వయసు డ్రైవరు, గుడియాత్తం వైపు నుంచి వచ్చినోడు, గొంతు తగ్గించి అంటా ఉండాడు.

"బరువురాయి కాడ ఇప్పుడు ఆడదెయ్యం లేదన్నా. దాన్ని తరిమేసి ఇంకోటి వచ్చింది. మిలిటరీది."

"మిలిటరీదా?" అన్నాడు కుప్పుస్వామి.

"యుద్ధంలో చచ్చిపోయిన దొరంట. పాతకాలం జీపు, దీపాలుండవు. పలక మీద పండుకోని ఉంటాడు. పక్కన ఇంకొకరికి దిండు వేసి ఉంటాది... ఎవరూ ఉండరు."

"చెప్పినోళ్ల మాటలేనా, నువ్వు చూసినావా?"

వాడు అటూ ఇటూ చూసి ముందుకు వంగినాడు.

"మొన్న రేత్రి చూసినా. ఏమైతే అది అయిందని బండి నిదానం చేసినా. నాకింకా ఒళ్లు జలదరిస్తా ఉండాదన్నా... ఆ దెయ్యం గురక పెడతా ఉండాది!"

కుప్పుస్వామి టీ గ్లాసు కింద పెట్టినాడు.

"బాగా పెడతా ఉండాడా?" అని అడిగినాడు.

"మలుపంతా వినబడతా ఉండాదన్నా."